ఒక్క ఫ్రేము తేడా!

పాత వీడియో గేమ్‌కి ప్రాక్టీస్ మోడ్ తయారుచేద్దామని సరదాగా మొదలుపెట్టాను. అది పనిచేసింది కూడా. కాకపోతే రెండు నెలల పాటు అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని నమ్మి మా చెల్లి తన చేతుల్నే తిట్టుకుంది.

‘‘నా చేతులే బాగోలేవు అన్నయ్యా.’’

ఆదివారం మధ్యాహ్నం. గుంటూరులో మా ఇంటి ముందుగది. పాత డబ్బా టీవీ ముందు చాప మీద కూర్చున్న చెల్లి, కంట్రోలర్‌ని పక్కన పెట్టేసి అన్న మాట ఇది. అప్పటికి రెండు గంటలకు పైగా ఆడింది. తెర మీద మారియో పడిపోయి ఉన్నాడు. వరుసగా నాలుగో ఆదివారం, అదే చోట, అదే శత్రువు చేతిలో. నాకు నవ్వొచ్చింది, ఓదార్చాను, టీ పెట్టుకొచ్చాను. తప్పు తన చేతుల్లో లేదని, నేను రాసిన కోడ్‌లో ఉందని నాకు అప్పటికి తెలీదు.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

సూట్‌కేసులో వచ్చిన ఆట

మా తరం పిల్లల్లో చాలామందికి తొలి వీడియో గేమ్ అంటే సంతలోనో, ఎగ్జిబిషన్‌లోనో కొన్న ‘టీవీ గేమే’. పసుపు రంగు క్యాసెట్, పైన ‘9999 ఇన్ 1’ అన్న స్టిక్కరు, లోపల మాత్రం తిప్పితిప్పి అవే పది ఆటలు. అసలు నింటెండో 64 ఎలా ఉంటుందో నేను ఇంజినీరింగ్ పూర్తయ్యేదాకా కళ్లతో చూడలేదు. అమెరికాలో ఉండే మా పెదనాన్న కొడుకు ఇల్లు మారుతూ, అటక మీద ఉన్న తన చిన్ననాటి కన్సోల్‌ని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చి మాకిచ్చాడు. ‘‘పారేయడానికి మనసొప్పలేదురా’’ అన్నాడు. దాంతోపాటు రెండు కార్ట్రిడ్జులు. అందులో ఒకటి ‘పేపర్ మారియో’.

అది అమెరికా మోడల్. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన ప్లగ్గులో 230. నేరుగా పెడితే పొగే. కోఠిలో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాక గానీ దానికి ప్రాణం రాలేదు.

పేపర్ మారియో 2000లో జపాన్‌లో ‘మారియో స్టోరీ’ పేరుతో వచ్చింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైంది. తయారుచేసింది ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే సంస్థ. మనకు తెలిసిన మారియోలా పరుగెత్తి దూకే ఆట కాదిది. రోల్‌ప్లేయింగ్ గేమ్. కథ నడుస్తుంటుంది, ఊళ్లు తిరుగుతాం, శత్రువు ఎదురైతే వంతులవారీగా పోరాటం. మన వంతులో మనం కొడతాం, వాడి వంతులో వాడు కొడతాడు.

ఈ ఆటలో అంకెలన్నీ చిన్నవి. మిగతా రోల్‌ప్లేయింగ్ గేముల్లో ప్రాణశక్తి వందల్లో, వేలల్లో ఉంటుంది. ఇక్కడ మారియో మొదలుపెట్టేది కేవలం 10 హెచ్‌పీతో. దెబ్బ తగిలితే ఒకటో, రెండో, మూడో పోతాయి. సరిగ్గా దెబ్బ పడబోయే క్షణంలో ‘ఏ’ బటన్ నొక్కితే నష్టం 1 తగ్గుతుంది. ఒకటే కదా అనుకుంటాం. కానీ ఈ లెక్క చూడండి. త్వరగా పూర్తిచేయాలనుకునేవాళ్లు కావాలనే మారియోని 5 హెచ్‌పీకి, అంతకన్నా తక్కువకి దించి ఉంచుతారు. ఎందుకంటే ఆ స్థితిలో ‘పవర్ రష్’ అనే బ్యాడ్జ్ పనిచేసి మారియో దెబ్బకి 2 బలం కలుపుతుంది. అలాంటి మారియోకి 3 నష్టం చేసే దెబ్బ రెండుసార్లు తగిలిందనుకోండి, మొత్తం 6. ఆట అయిపోయినట్టే. రెండూ అడ్డుకుంటే 4. ఇంకా 1 మిగిలి ఉంటుంది, తర్వాతి వంతు మనదే. అంటే గెలుపూ ఓటమీ ఆ ఒక్క బటన్ మీదే ఉన్నాయి.

ఆ బటన్ నొక్కడానికి ఆట ఇచ్చే వ్యవధి 3 ఫ్రేములు. ఈ ఆట సెకనుకి 30 ఫ్రేములు చూపిస్తుంది. కాబట్టి 3 ఫ్రేములంటే సెకనులో పదోవంతు. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే దానికి రెట్టింపు. చూసి నొక్కుదామంటే కుదరదన్నమాట. శత్రువు కదలికని బట్టి తాళం పట్టుకుని, దెబ్బ పడే క్షణాన్ని ముందే ఊహించి నొక్కాలి. ‘డాడ్జ్ మాస్టర్’ బ్యాడ్జ్ పెట్టుకుంటే 3 ఫ్రేములు 5 అవుతాయి. కానీ బ్యాడ్జ్‌లకి ఉండే పాయింట్లు పరిమితం. అవి దీనికే ఖర్చుపెడితే దెబ్బలో బలం తగ్గుతుంది.

మా చెల్లి పట్టిన పట్టు ఏమిటంటే, గ్లిచ్‌లేవీ వాడకుండా, ఒకే కూర్చోటంలో, తనకంటూ ఒక మంచి టైమ్‌తో ఆట పూర్తిచేయడం. జూన్‌లో తనకి బెంగళూరులో ఉద్యోగం. చేతిలో ఉన్నవి కొన్ని ఆదివారాలే. ప్రతిసారీ 5వ చాప్టర్లో, లావాలావా కొండలో ఉండే లావా పిరాన్హా అనే నిప్పుల మొక్క దగ్గర దెబ్బతింటోంది. అక్కడిదాకా చేరడానికే తనకి రెండు గంటలు దాటుతుంది. అంటే ఒక్క నిమిషం సాధన కోసం రెండు గంటల ప్రయాణం.

ఏమిటీ ప్రాక్టీస్ మోడ్?

మృదంగం నేర్పే గురువుగారు ఏంచేస్తారు? శిష్యుడు ఒక జతి దగ్గర తడబడితే కచేరీ మొత్తం మళ్లీ మొదటినుంచి వాయించమనరు. ఆ నాలుగు అక్షరాల్నే విడదీసి, వందసార్లు వాయించమంటారు. ప్రాక్టీస్ మోడ్ చేసేది అచ్చం ఇదే. ఆటలో కష్టమైన ముక్కని విడదీసి చేతికిస్తుంది. ఒక బటన్ నొక్కగానే లావా పిరాన్హా ముందు ప్రత్యక్షమవుతాం. హెచ్‌పీ మనకి కావాల్సినంత పెట్టుకుంటాం. ఓడితే క్షణంలో మళ్లీ మొదలు. అభ్యాసం కూసువిద్య అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇలాంటివి చాలా పాత ఆటలకి ఉన్నాయి. ‘జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్’కి ‘జీజెడ్’ అనే ప్రాక్టీస్ మోడ్ ఉంది. దాని బాటలోనే పేపర్ మారియోకి ‘ఎఫ్‌పీ’ వచ్చింది. రెండూ అభిమానులు తీరిక వేళల్లో రాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చినవే. కావాల్సిన చోటికి గెంతడం, నిలబడ్డ చోటుని గుర్తుపెట్టుకుని తిరిగి రావడం, మెమరీలో ఏ అంకె ఎలా మారుతోందో తెర మీద చూడటం... ఇలా బోలెడు సదుపాయాలు.

మరి అది ఉండగా నేనెందుకు మళ్లీ రాయడం? నిజానికి అవసరం లేదు. పగలంతా ఆఫీసులో పదిమంది రాసిన కోడ్ మీద నా రెండు లైన్లు అతికించే పని. ఒక యంత్రాన్ని అడుగు నుంచి పైదాకా నా చేతులతో తెలుసుకోవాలన్న కోరిక ఇంజినీరింగ్ రోజుల నుంచీ ఉండిపోయింది. చెల్లికి ఒక చిన్న డ్రిల్ కావాలి. సరే, ఇదే సందు అనుకున్నాను.

ఆటలోకి దొడ్డిదారి

నింటెండో 64 బుర్ర వేగం 93.75 మెగాహెర్ట్జ్. మెమరీ 4 మెగాబైట్లు. ఇవాళ మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో ఆ మెమరీలో పట్టకపోవచ్చు. ఆ 4 మెగాబైట్లలో ఆట తన సామాను సర్దుకుని ఉంటుంది, మన కోడ్‌కి చోటు ఎక్కడ? అదృష్టం కొద్దీ ఈ కన్సోల్‌కి ‘ఎక్స్‌పాన్షన్ పాక్’ అనే చిన్న పెట్టె ఉంది. ముందువైపు మూత తీసి దాన్ని పెడితే ఇంకో 4 మెగాబైట్లు కలుస్తాయి. పేపర్ మారియోకి అది అక్కర్లేదు, కాబట్టి ఆ అదనపు సగం ఖాళీ. అద్దెకు దిగినట్టు మన కోడ్ అక్కడ దిగుతుంది.

ఇక ఆట మనల్ని పిలిచేలా చేయాలి. ప్రతి ఫ్రేముకీ ఆట ఒక క్రమంలో పనులు చేస్తుంది. కంట్రోలర్ చదవడం, లెక్కలు వేయడం, బొమ్మ గీయడం. ఆ క్రమంలో ఎక్కడో ‘ఫలానా చోటికి వెళ్లు’ అనే ఆజ్ఞ ఉంటుంది. దాన్ని మార్చి ‘ముందు మా ఇంటికి రా, తర్వాత అక్కడికి వెళ్లు’ అని రాస్తాం. దీన్నే హుక్ అంటారు. ఆటకి తేడా తెలీదు. సెకనుకి 30 సార్లు మన గుమ్మం తొక్కి వెళుతుంది.

ఏ ఆజ్ఞ ఎక్కడుందో తెలియడం ఎలా? ఒకప్పుడు చీకట్లో తడుముకోవడమే. ఇప్పుడు అభిమానుల ఓపికకి దండం పెట్టాలి. కార్ట్రిడ్జ్‌లోని యంత్రభాషని చదివి, దాన్ని మనుషులు చదవగలిగే సీ భాషలోకి తిరిగి రాసే ‘డీకంపైలేషన్’ ప్రాజెక్టు పేపర్ మారియోకి ఉంది. అలా రాసిన కోడ్‌ని ఆనాటి కంపైలర్‌తోనే మళ్లీ యంత్రభాషలోకి మారిస్తే, అసలు ఆటతో బైటు బైటూ సరిపోవాలి. సరిపోతేనే ఆ ముక్క ఒప్పుకుంటారు. ఎంత కఠినమైన పరీక్షో చూడండి.

అయినా నాకు మొదటి వారం అంతా నల్ల తెరే. ఆట మొదటి 1 మెగాబైట్‌ని కన్సోల్ ఆన్ అవగానే కూడి చూసుకుంటుంది. మొత్తం తేడా వస్తే అక్కడే ఆగిపోతుంది. మార్పు చేశాక ఆ మొత్తాన్ని కూడా తిరిగి లెక్కగట్టి రాయాలని తెలియడానికి రెండు రోజులు. ఆ తర్వాత ఇంకో వింత. ఈ ప్రాసెసర్‌కి ‘దూకు’ అని చెబితే వెంటనే దూకదు. పక్కనున్న ఇంకో ఆజ్ఞని కూడా పూర్తిచేసి అప్పుడు దూకుతుంది. కాలేజీలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పరీక్షకి బట్టీపట్టి మర్చిపోయిన పాఠం అది. ఐదు మార్కుల ప్రశ్నగా రాసినదాన్ని, రాత్రి రెండింటికి మా మారియో నేలలోకి కూరుకుపోతుంటే అర్థం చేసుకున్నాను.

ల్యాప్‌టాప్‌లో సరే, కన్సోల్‌లో ఢమాల్

మొదట ఎమ్యులేటర్లో నడిపాను. అంటే ల్యాప్‌టాప్‌లో కన్సోల్‌ని అనుకరించే ప్రోగ్రాం. అందులో అంతా సవ్యం. సంబరంగా ఫ్లాష్ కార్ట్ మీదకి ఎక్కించి అసలు కన్సోల్‌లో పెడితే, మెనూ తెరవగానే ఆట బిగుసుకుపోయింది. మళ్లీ పెట్టాను. ఈసారి నడిచింది. మూడోసారి మళ్లీ బిగుసుకుంది.

ఒకసారి వచ్చి ఇంకోసారి రాని తప్పుని పట్టుకోవడం ఎంత నరకమో సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పక్కర్లేదు. కారణం క్యాష్. ప్రాసెసర్ మాటిమాటికీ మెమరీ దాకా వెళ్లకుండా దగ్గర పెట్టుకునే చిన్న గూడు అది. ఆజ్ఞలకి 16 కిలోబైట్ల గూడు, డేటాకి 8 కిలోబైట్ల గూడు, విడివిడిగా. నేను కొత్త ఆజ్ఞని రాసినప్పుడు అది డేటా గూట్లోనే ఉండిపోయింది. ఆజ్ఞల గూట్లో పాతదే ఉంది. ప్రాసెసర్ ఏది అందితే అది పట్టుకుని వెళ్లింది. ‘రాసింది మెమరీకి పంపు, పాతది పారేయ్’ అని మనమే చెప్పాలి. నేను వాడిన ఎమ్యులేటర్ ఈ గూళ్లని పట్టించుకోదు కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు.

ఇదంతా దాటి డ్రిల్ సిద్ధమయ్యేసరికి నేను నిజంగానే ఛాతీ విరుచుకున్నాను. బటన్ నొక్కితే లావా పిరాన్హా. దెబ్బ పడబోతుంటే చెల్లి ‘ఏ’ నొక్కుతుంది. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో ‘సరే’ అనో, ఎర్ర అక్షరాల్లో ‘తొందరపడ్డావు’, ‘ఆలస్యం’ అనో వస్తుంది. హెచ్‌పీ తగ్గదు, పోరు ఆగదు. వారం తిరిగేసరికి పదికి తొమ్మిది ఆకుపచ్చ.

కానీ మోడ్ లేని అసలు ఆటలో మాత్రం పదికి అయిదో ఆరో. నాలుగు ఆదివారాలు అలాగే పోయాయి. ‘‘పోటీ అనగానే కంగారుపడుతున్నట్టున్నావు’’ అని నేనే తనకి సలహా కూడా ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

‘తెలిసిన రాయి పెట్టి చూడరా’

మా నాన్నకి కిరాణా కొట్టు. వీడియో గేముల గురించి ఆయనకి తెలిసింది కరెంటు బిల్లు వరకే. ఆ రాత్రి అన్నం తింటూ చెల్లి తన నోట్‌బుక్ తీసి చూపించింది. ఎడమవైపు మోడ్‌లో ఆడినప్పటి టిక్కులు, కుడివైపు అసలు ఆటలోవి. రోజువారీగా రాసుకుంది.

‘‘అన్నయ్యా, కంగారు అయితే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉండాలి కదా? రోజూ ఇంతే తేడా ఎందుకుంటోంది?’’ అంది.

నా దగ్గర జవాబు లేదు. నాన్న మజ్జిగ పోసుకుంటూ అన్నారు: ‘‘నీ కాటా సరిచూశావా?’’

‘‘అంటే?’’

‘‘పొద్దున్నే కొట్టు తెరవగానే నేనేం చేస్తాను? కిలో రాయి పెట్టి చూస్తాను. కిలో చూపిస్తేనే బేరం మొదలు. తూనికల శాఖ ముద్ర ఉంది కదా అని ఊరుకోను. బియ్యం పెట్టి చూస్తే కాటా తప్పో, బియ్యం తప్పో ఎలా తెలుస్తుంది? ముందు తెలిసిన రాయి పెట్టి చూడరా.’’

నేను రెండు నెలలుగా బియ్యమే తూస్తున్నాను.

ఆ రాత్రే కూర్చున్నాను. ఎమ్యులేటర్లో ఆటని ఫ్రేము ఫ్రేముగా ఆపి నడిపించొచ్చు. మనిషి వేలు అక్కర్లేకుండా, సరిగ్గా ఫలానా ఫ్రేములో ‘ఏ’ నొక్కినట్టు చిన్న స్క్రిప్టుతో చెప్పొచ్చు. అదే నా కిలో రాయి. దెబ్బకి ఆరు ఫ్రేముల ముందు, ఐదు ముందు, నాలుగు... ఇలా ఒక్కొక్కటీ నొక్కించాను. ఒక పక్క మోడ్ లేని ఆట ఏమందో, ఇంకో పక్క నా డ్రిల్ ఏమందో రాసుకున్నాను. రెండు వరుసలూ ఒక్క ఫ్రేము తేడాతో పక్కకి జరిగి ఉన్నాయి.

తప్పు ఇదీ. నా హుక్‌ని నేను ఫ్రేము మొదట్లో, ఆట కంట్రోలర్‌ని చదవకముందే పెట్టాను. దాంతో చెల్లి ఈ ఫ్రేములో నొక్కింది నాకు వచ్చే ఫ్రేములో గానీ కనిపించలేదు. నొక్కింది దెబ్బకి ఉన్నదానికన్నా ఒక ఫ్రేము దగ్గరగా లెక్కలోకి వచ్చింది. అంటే ఒక ఫ్రేము తొందరపడితే నా డ్రిల్ ‘సరే’ అంది. సరిగ్గా చివరి క్షణంలో నొక్కితే ‘ఆలస్యం’ అని కసిరింది. పాపం తను ఆకుపచ్చ కోసం తన తాళాన్ని రోజుకింత ముందుకి జరుపుకుంటూ పోయింది. ఉన్నవే 3 ఫ్రేములు. అందులో ఒకటి నేను తప్పు నేర్పాను.

రెండో తప్పు ఇంకా దారుణం. అసలు ఆటకి ఒక నియమం ఉంది. ఆ 3 ఫ్రేములకి ముందు, సుమారు 10 ఫ్రేముల లోపు కూడా ‘ఏ’ నొక్కి ఉంటే, గుడ్డిగా టపటపా నొక్కుతున్నావని లెక్కేసి అడ్డుకోవడాన్ని ఒప్పుకోదు. నా డ్రిల్‌లో ఆ నియమమే లేదు. చెల్లి కంగారులో ఒకసారి ముందుగా తాకి, మళ్లీ సరిగ్గా నొక్కినప్పుడు నేను ‘సరే’ అన్నాను. ఆట మాత్రం కాదంది.

ఇంతకీ ఆ నియమం నాకెందుకు తెలీలేదు? హెచ్‌పీ తగ్గకూడదని, పోరు ఆగకూడదని, ఆట చేసే తనిఖీని పక్కకి తోసేసి, ఆ స్థానంలో నా సొంత తనిఖీ పెట్టాను. ‘3 ఫ్రేముల్లో నొక్కిందా లేదా, ఇంతే కదా’ అనుకున్నాను. అంపైర్‌ని ఇంటికి పంపేసి, నెట్ ప్రాక్టీసులో అవుటో కాదో నేనే చెప్పినట్టు.

అంపైర్‌ని వెనక్కి పిలిచాను

సరిదిద్దడానికి పట్టింది ఒక్క సాయంత్రం. రాసిన కోడ్‌లో సగం తీసేయడమే పని. ఆట తన తనిఖీ తనే చేసుకుంటుంది. బటన్లు ఎప్పుడెప్పుడు నొక్కామో ఆట తన దగ్గరే వరుసగా దాచుకుంటుంది, తీర్పు కూడా ఒక చోట రాసిపెట్టుకుంటుంది. నా మోడ్ ఆ రెండు చోట్లా తొంగిచూసి, ఉన్నది ఉన్నట్టు తెర మీద చూపిస్తుంది. తీర్పు చెప్పదు. పోతే హెచ్‌పీ, అది దెబ్బ పడిన తర్వాత నింపుతుంది.

అప్పుడే ఇంకో రెండు అబద్ధాలు కూడా దొరికాయి. ఒకటి, నేను గీసే అక్షరాలు. ఒక్కో ఫ్రేముకి ఉన్న సమయం 33 మిల్లీసెకన్లు. లావా పిరాన్హా నిప్పులు కక్కుతున్నప్పుడు ఆటకే ఊపిరాడదు. దాని మీద నేను పేరాలకి పేరాలు రాస్తే ఆట నెమ్మదిస్తుంది. నెమ్మదించిన ఆటలో నేర్చుకున్న తాళం అసలు ఆటలో పనికిరాదు. కాబట్టి దెబ్బ పడేదాకా తెర మీద ఏమీ రాయను. పడ్డాక ఒక్క లైను.

రెండోది, అదృష్టం. రోల్‌ప్లేయింగ్ గేముల్లో శత్రువు ఏం చేస్తాడన్నది కొంత పాచికల మీద ఉంటుంది. మోడ్‌తో ఆ పాచికల్ని బిగించేయొచ్చు. ప్రతిసారీ అదే దాడి వచ్చేలా చేయొచ్చు. నేర్చుకునే మొదటి రోజున అది మేలే. కానీ రోజూ అలాగే సాధన చేస్తే చేతికి వచ్చేది ఒక్క దాడే. మా డ్రిల్‌లో ఇప్పుడు మొదటి పది సార్లు మాత్రమే బిగింపు. ఆ తర్వాత పాచికలు వాటి ఇష్టం.

మరి ఇది చీటింగ్ కాదా?

స్నేహితులు ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకెళితే కాపీ. ఇంట్లో పాత ప్రశ్నపత్రాలు పెట్టుకుని రాస్తే సాధన. రికార్డు కోసం ఆడే ఆట మార్పులేవీ లేని అసలు ఆటే అయి ఉండాలి. మోడ్ ఉన్న ఆటలో సాధించిన టైముని ఆడేవాళ్లెవరూ లెక్కలోకి తీసుకోరు. చెల్లి కూడా ఆదివారం పూట అన్నయ్య ఇచ్చిన కార్ట్రిడ్జ్ కాదని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ పెదనాన్న కొడుకిచ్చిన అసలుది పెడుతుంది.

కాపీరైట్ సంగతి కూడా మర్చిపోకూడదు. ఆట నింటెండోది. మోడ్ తయారుచేసేవాళ్లు ఆటని పంచరు. ‘ఫలానా చోట ఈ బైట్లు మార్చు’ అని చెప్పే ప్యాచ్ ఫైలుని మాత్రమే ఇస్తారు. ఎవరి ఆట వాళ్లు తెచ్చుకోవాలి. మార్చేసిన ఆట మొత్తాన్ని ఫైలుగా వాట్సాప్‌లో పంపేవాళ్లుంటారు. అది మాత్రం తప్పే.

మీరూ మొదలుపెట్టాలంటే...

సీ భాష వచ్చిన బీటెక్ కుర్రాళ్లెవరైనా ఈ పని చేయొచ్చు. నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి నాలుగు చెబుతాను.

ముందుగా ఉన్నదాన్ని చదవండి. ‘ఎఫ్‌పీ’, ‘జీజెడ్’ల కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. పదేళ్ల ఉద్యోగంలో నేర్చుకోలేనిది ఒక నెల చదివితే వస్తుంది.

చిన్నగా మొదలెట్టండి. నా మొదటి విజయం తెర మూలన హెచ్‌పీ అంకె చూపించడం. అంతే. దానికే ఇంట్లో అందర్నీ లేపాను.

అసలు కన్సోల్ మీద పరీక్షించండి. ఎమ్యులేటర్ మంచి స్నేహితుడే కానీ, మన తప్పుల్ని కడుపులో పెట్టుకుంటాడు. సాధన చేసే టీవీ, రికార్డుకి ఆడే టీవీ కూడా ఒకటే అయి ఉండాలి. కొత్త ఫ్లాట్ టీవీల్లో బొమ్మ ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా రావచ్చు. అందుకే మా ఇంట్లో డబ్బా టీవీ ఇంకా పదవిలో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంకొకరి చేతికిచ్చే ముందు తెలిసిన రాయి పెట్టి చూడండి. జవాబు ముందే తెలిసిన ప్రశ్న మీ టూలుని అడగండి. పనిచేయని టూలుని ఎవరైనా పక్కన పడేస్తారు. తప్పు చెప్పే టూలుని నమ్ముతారు. నమ్మి, తప్పు తమలో ఉందనుకుంటారు.

మళ్లీ ఆదివారం

కొత్త డ్రిల్ ఇచ్చినప్పుడు చెల్లికి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. నోట్‌బుక్‌లో పాత టిక్కుల మీద అడ్డంగా ఒక గీత గీసి, ‘‘అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట’’ అంది. ఆ మాటలో కోపం కన్నా ఊరటే ఎక్కువుంది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

అలవాటైన తప్పు తాళం వదలడానికి తనకి మూడు వారాలు పట్టింది. కొత్తగా నేర్చుకోవడం కన్నా నేర్చింది మర్చిపోవడమే కష్టమంది. బెంగళూరు వెళ్లడానికి ముందు చివరి ఆదివారం, ఇంట్లో అందరం చాప చుట్టూ చేరాం. లావా పిరాన్హాని మొదటి ప్రయత్నంలోనే దాటేసింది. అమ్మ చప్పట్లు కొట్టింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చివరి బౌజర్ కూడా పడ్డాడు. టైమ్ ఏమంత గొప్పది కాదు, ఏ పట్టికలోనూ పైకి రాదు. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంది.

ఇప్పుడు తను బెంగళూరులో డేటా చూసే ఉద్యోగం చేస్తోంది. మొన్న ఫోన్‌లో ఆఫీసు సంగతులు చెబుతూ, తమ రిపోర్టులో ఒక అంకె మరీ అందంగా కనిపించిందని, మేనేజర్‌ని అడిగానని చెప్పింది.

‘‘ఏమని అడిగావే?’’ అన్నాను.

‘‘కిలో రాయి పెట్టి చూశారా అని.’’